తూము తీయని చెరువు

బొగ్గు గనులున్న మందమర్రి నుంచి ఒక యువ ఇంజనీరు అడిగిన ప్రశ్న ఇది: "భద్రతా శిక్షణ తరగతిలో అన్నీ అర్థమయ్యాయన్న కార్మికులే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తున్నారు. ఇంకోసారి క్లాసు పెట్టించాలా?" అక్కరలేదని నా అభిప్రాయం.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరగుచ్ఛాలను కంఠస్థం చేసి, కొంతకాలానికి వాటిని తిరిగి నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అవుతుందో తన మీదే కొలిచి 1885లో ప్రకటించాడు. ఆ ఆదా 20 నిమిషాలకు 58 శాతం, ఒక రోజుకు 34 శాతం, 31 రోజులకు 21 శాతం. అర్థమున్న విషయం ఇంత వేగంగా చెరిగిపోదు, నిజమే; కానీ 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు పునశ్చరణ శిక్షణకు పెట్టిన గడువు ఐదేళ్లు.

జ్ఞాపకానికి నిల్వ బలం (ఎంత గట్టిగా నాటుకుంది), వెలికితీత బలం (ఇప్పుడు ఎంత సులువుగా గుర్తొస్తుంది) అని రెండు వేర్వేరుగా ఉంటాయని మనస్తత్వవేత్తలు రాబర్ట్, ఎలిజబెత్ బ్యోర్క్ దంపతులు 1992లో ప్రతిపాదించారు. పాకాల చెరువు అలుగు దాకా నిండినా తూము పూడుకుపోతే ఆయకట్టు చివరి మడికి చుక్క నీరు అందదు. ఉపన్యాసం చెరువును నింపుతుంది. ప్రశ్న తూమును తీస్తుంది. అయితే తూము తీస్తే చెరువు తరుగుతుంది గానీ, గుర్తు తెచ్చుకున్న కొద్దీ జ్ఞాపకం పెరుగుతుంది. పోలిక ఇక్కడ తెగిపోతుంది, అసలు ఆశ్చర్యం ఇక్కడే మొదలవుతుంది. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులచేత నాలుగుసార్లు చదివించారు; మరికొందరిచేత ఒక్కసారి చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం గుర్తుంటే, రాసినవారికి 71. వారానికి లెక్క తిరగబడింది: చదివినవారికి 40, రాసినవారికి 61. పరీక్షల ముందు పిల్లలకు సరస్వతీ లేహ్యం నాకించే తల్లిదండ్రులు పుస్తకం మూయించి ఒక్క ప్రశ్న అడిగితే ఎంతో మేలు.

అందువల్ల షిఫ్టు మొదలయ్యే ముందు మస్టరు (హాజరు వేసే చోటు) దగ్గర "పైకప్పు జాగ్రత్త" అని రోజూ హెచ్చరించే ఇన్‌చార్జి, "అన్నా, కర్రతోని కొడితే కప్పు ఎట్ల మోగితే పక్కకు జరుగుతవు?" అని అడిగి కాసేపు ఆగాలి. "ఖంగుమంటే భయం లేదు సార్, డొల్లగ మోగితేనే" అన్న జవాబును ఆ కార్మికుడు తన తలలోంచే తీయాలి. తప్పు చెబితే అక్కడికక్కడే సరిదిద్దాలి, లేకపోతే ఆ తప్పే పాతుకుంటుంది.

చిక్కేమిటంటే, మన బడుల్లో ప్రశ్న అంటే బెంచీ ఎక్కించడానికి ముందుమాట. ఆ బెరుకు గని దాకా వస్తుంది. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్, మంచి నాయకత్వమున్న విభాగాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదవుతున్నాయని 1996లో గమనించారు. అక్కడివారు దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె వివరణ. కాబట్టి తప్పు జవాబుకు నవ్విన ఇన్‌చార్జికి మర్నాటి నుంచి మౌనమే జవాబుగా వస్తుంది.

ఇక ఎన్నాళ్లకోసారి అడగాలన్నది మిగిలింది. మనస్తత్వవేత్త సెపెడా బృందం 2008లో వేర్వేరు విరామాలను పోల్చినప్పుడు, దాదాపు ఏడాది గుర్తుండాల్సిన సంగతులకు ఒక్క రోజు విరామం కన్నా, 105 రోజుల విరామం కన్నా 21 రోజులదే మెరుగని తేలింది. సోమవారం అడిగిన ప్రశ్ననే మంగళవారం అడిగితే అందరూ టకటకా చెబుతారు, ఇన్‌చార్జికీ సంతోషంగా ఉంటుంది, కానీ దానివల్ల ఒరిగేది స్వల్పం. మూడు వారాలు ఆగి, కొందరు తడబడే వేళకు అడగాలి.