రెట్టింపు కాంతి చిప్‌ మీదికి చేరిన దారి

1961లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ బృందం రూబీ లేజర్ కాంతిని క్వార్ట్జ్ స్ఫటికం గుండా పంపినప్పుడు, 694 నానోమీటర్ల ఎరుపుతో పాటు సరిగ్గా అందులో సగం తరంగదైర్ఘ్యం, అంటే రెట్టింపు పౌనఃపున్యం గల అతినీలలోహిత కాంతి అతి స్వల్పంగా వెలువడింది. ఫోటో ప్లేటుపై పడిన ఆ చుక్క ఎంత మసకగా ఉందంటే, అచ్చు వేసేటప్పుడు దాన్ని మరకగా భావించి తుడిచేశారు. ఆవిష్కరణకు రుజువే లేకుండా పత్రం వెలువడింది.

చుక్క మసకబారడానికి కారణం ఉంది. పదార్థంలో రెండు రంగుల వేగాలు వేరు కనుక, వెనుక పుట్టిన రెట్టింపు కాంతి, ముందు పుట్టిన దానితో అడుగు తప్పి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 1962లో రెండు పరిష్కారాలు వచ్చాయి. స్ఫటికపు ద్వివక్రీభవనంతో, అంటే కాంతి కంపించే దిశను బట్టి వేగం మారే గుణంతో, రెండు వేగాలను సమానం చేయడం ఒకటి. అడుగు తప్పే ప్రతిచోటా స్ఫటికపు దిశను తలకిందులు చేయాలన్న భౌతిక శాస్త్రవేత్త బ్లూంబర్గెన్, ఆయన సహచరుల ఆలోచన రెండోది. మొదటిదే వెంటనే అక్కరకు వచ్చింది. రెండోది, నా దృష్టిలో మరింత లోతైనది, లిథియం నియోబేట్ అనే స్ఫటికపు దిశను విద్యుత్ క్షేత్రంతో చారలుగా, క్రమబద్ధంగా తిప్పడం సాధ్యమైన 1990ల దాకా ఎదురుచూసింది.

కాంతిని నడిపించే చిప్‌ల దగ్గర కథ మళ్లీ మొదలైంది. సిలికాన్ స్ఫటికపు సౌష్ఠవం ఈ ప్రక్రియకు తావివ్వదు. సిలికాన్ నైట్రైడ్‌దీ అదే ఇబ్బంది. అయితే బలమైన కాంతిని పంపి, ఆ కాంతి చేతనే లోపల విద్యుత్ క్షేత్రపు చారలు గీయించి, ఆ సౌష్ఠవాన్ని చెదరగొట్టే ఉపాయం నైట్రైడ్‌లో పనికొచ్చింది. గాజు ఫైబర్లలో 1986లోనే కనిపించిన వింత అది. లిథియం నియోబేట్‌ను మైక్రోమీటరుకన్నా పలుచని పొరగా మార్చి వేవ్‌గైడ్లు, అంటే కాంతి నడిచే సన్నని దారులు, చెక్కడం సాధ్యమయ్యాక, కాంతి ఇరుకు దారిలో కిక్కిరిసి తీవ్రత పెరిగింది. 2018లో హార్వర్డ్ పరిశోధకులు 4 మిల్లీమీటర్ల దారిలోనే, వాటులో పావు వంతు కూడా లేని కాంతిలో దాదాపు సగాన్ని రెట్టింపు పౌనఃపున్యానికి మార్చారు.

టెలికాం లేజర్ల 1560 నానోమీటర్ల కాంతిని రుబీడియం పరమాణువులకు కావలసిన 780కి తేవడం వంటి పనులకు ఇది ఎంతో అనువైనది. కానీ ఇరుకుదనం తెచ్చిన లాభమే చిక్కు కూడా తెచ్చింది: ఇంత సన్నని దారిలో కాంతి వేగం పొర మందంపై ఆధారపడుతుంది కనుక, కొద్ది నానోమీటర్ల తేడా వచ్చినా లెక్క కట్టి గీసిన, స్ఫటికపు దిశ మారే చారలు మరో తరంగదైర్ఘ్యానికి సరిపోతాయి. అందుకే ఇలాంటి చిప్‌ పక్కన తరచుగా చిన్న హీటర్ కూడా ఉంటుంది; ఉష్ణోగ్రతను సవరిస్తూ తప్పిన అడుగును మళ్లీ కలపడమే దాని పని.