సీసా అడుగున చింతపండు

మే నెల రెండో వారం. హనుమకొండలో 44 డిగ్రీల ఎండ. మా మేనల్లుడు బెంగళూరు నుంచి వస్తూ ఒక తెల్ల వైన్ సీసా తెచ్చాడు. "మామా, ఇది డ్రై వైన్. ఎండలకు మస్తుంటది" అన్నాడు.

"తాగేదాన్ని పట్టుకొని డ్రై అంటవేందిరా అల్లుడా?"

నా అమాయకత్వానికి కారణం ఉంది. మా దగ్గర 'వైన్స్' అనే బోర్డు లేని సెంటరు లేదు. లోపల అరల్లో మాత్రం వైన్ తప్ప అన్నీ ఉంటాయి.

ఆ సీసా నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పడి ఉంది. ఐదో రోజు తీసి చూస్తే అడుగున గాజు రవ్వల్లా ఏవో మెరుస్తున్నాయి. "లోపట పలిగినట్టున్నది, పారబొయ్యండి" అంది మా ఆవిడ.

ముందు డ్రై సంగతి. బాగా పండిన ద్రాక్షరసంలో లీటరుకు సుమారు 200 గ్రాముల చక్కెర ఉంటుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి దాన్ని తిని ఆల్కహాల్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ వదులుతుంది. లీటరులో 17 గ్రాముల చక్కెర ఖర్చయితే దాదాపు 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. అలా 200 గ్రాములూ అయిపోయేసరికి 12 శాతం దగ్గర ఆగుతుంది. తినడానికి ఏమీ మిగలకపోతే అది డ్రై. యూరప్ నిబంధన ప్రకారం లీటరుకు 4 గ్రాముల చక్కెర దాటకూడదు. పులుపు గట్టిగా ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. 4 గ్రాములంటే ఒక టీ చెంచా. మనం ఒక్క కప్పు చాయ్‌లో అంతకు రెండింతలు వేసుకుంటాం.

ఇదంతా మన గౌడన్నలకు చెప్పనక్కర్లేదు. పొద్దున చెట్టు దిగినప్పుడు తియ్యగా ఉన్న కల్లు పొద్దెక్కేసరికి పులిసిపోతుంది. అయితే కల్లులో పులుపు చాలావరకు సూక్ష్మజీవులు తయారుచేసేది. తెల్ల వైన్‌లో పులుపు ఎక్కువగా పండులోనే పుట్టింది. ఎండాకాలం వైన్ అని పేరుపడ్డ సోవిన్యాన్ బ్లాన్ లాంటి రకాలకు ఆ పులుపే ప్రాణం. పచ్చి క్యాప్సికం కోసినట్టుండే దాని వాసనకు కారణం మెథాక్సీపైరజీన్ అనే రసాయనాలు. క్యాప్సికంలో ఉండేదీ అదే కుటుంబం.

ఇక ఆ రవ్వలు. అవి గాజు కాదు. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. అది పొటాషియంతో కలిస్తే ఒక లవణం ఏర్పడుతుంది. ఆ లవణం చల్లదనంలో తక్కువ కరుగుతుంది. ఆల్కహాల్ తోడైతే ఇంకా తక్కువ. అందుకే ఫ్రిజ్‌లో నాలుగు రోజులుండేసరికి స్ఫటికాలై అడుగుకు దిగింది. చాలామంది తయారీదారులు వైన్‌ను ముందే బాగా చల్లబరిచి, ఈ లవణాన్ని దించేసి, ఆ తర్వాతే సీసాలకు ఎత్తుతారు. ఈ సీసా విషయంలో ఆ పని పూర్తిగా జరగలేదన్నమాట. తాగినా హాని లేదు, పళ్ళకింద ఇసుకలా కరకరలాడుతుంది, అంతే.

వైన్ పీపాల లోపలి గోడలకు పేరుకునేదీ ఇదే. స్వీడన్ రసాయనవేత్త షీలే 1769లో ఆ పెచ్చు నుంచే టార్టారిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1848లో లూయీ పాశ్చర్ ఇదే కుటుంబానికి చెందిన ఒక లవణపు స్ఫటికాలను భూతద్దం కింద పెట్టుకుని, కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాంటి రెండు రకాలుగా పట్టకారుతో ఏరాడు. ఎసరులో పోసే ముందు బియ్యంలో మట్టిగడ్డలు ఏరినంత ఓపిక. అణువులకు కూడా కుడి, ఎడమ ఉంటాయన్న ఊహకు పునాది ఆ ఏరుడే.

ఇంతకీ ఈ టార్టారిక్ ఆమ్లం మనకు పరాయిది కాదు. నిమ్మకాయ పులుపు సిట్రిక్ ఆమ్లం. పెరుగు పులుపు లాక్టిక్ ఆమ్లం. టార్టారిక్ ఆమ్లాన్ని దండిగా దాచుకునే పళ్ళు బహు కొద్ది. వాటిలో ద్రాక్ష ఒకటైతే రెండోది చింత! చింతగుజ్జు బరువులో 8 నుంచి 18 శాతం దాకా ఈ ఆమ్లమే. పాశ్చర్ వేరుచేసిన కుడి, ఎడమల లెక్కలో కూడా ద్రాక్షదీ చింతదీ ఒకే చెయ్యి. ఎండాకాలం మా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడలేక పచ్చి పులుసు కలుపుకుంటాం కదా, చింతపండు రసం, ఉల్లిగడ్డ, కాల్చిన మిర్చి, నువ్వుల పొడి. అందులో నాలుకను చురుక్కుమనిపించేదీ, మా అల్లుడు 'క్రిస్ప్' అంటూ లొట్టలేసేదీ ఒకే అణువు.

పులుపు తగిలితే నోట్లో నీళ్ళూరుతాయి. ఎండకు పిడచగట్టుకుపోయిన నోటికి ఆ తడే హాయి. దానికి చల్లదనం తోడు. నాలుకలో తీపిని పట్టే కణాల్లో ట్రిప్‌ఎం5 అనే ద్వారం ఉంది. అది వేడికి బాగా తెరుచుకుంటుంది, చలికి మందగిస్తుంది. ఈ సంగతి 2005లో తేలింది. వెచ్చబడ్డ కూల్‌డ్రింకు వెగటు తీపిగా అనిపించేది అందుకే. డ్రై వైన్‌ను 7 నుంచి 10 డిగ్రీల మధ్య తాగితే మిగిలిన కాస్త తీపి కూడా వెనక్కి పోయి పులుపు ముందుకొస్తుంది. చల్లగా ఉంది కదా అని దాన్ని దాహానికి మాత్రం తాగకూడదు. ఆల్కహాల్ మూత్రం పెంచి ఒంట్లో నీటిని బయటికి తోడేస్తుంది. మా ఎండలకు కుండలో నీళ్ళే గతి.

తమాషా ఏమిటంటే, ఎండకు సరిపోయే ఈ వైన్ ఎండలో పండదు. ద్రాక్షలో మాలిక్ ఆమ్లం అని ఇంకొకటి ఉంది, పచ్చి ఆపిల్ పులుపు అదే. కాయ పండుతున్నప్పుడు శ్వాసక్రియలో దాన్ని ఖర్చుపెడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. టార్టారిక్ ఆమ్లం అంత తేలిగ్గా తరగదు. రాత్రుళ్ళు కూడా వేడి దిగని చోట చక్కెర ఎక్కుతుంది, పులుపు చస్తుంది. అందుకే ఫ్రాన్స్‌లో లోయిర్ నదీ తీరం, న్యూజీలాండ్‌లో మార్ల్‌బరో లాంటి చల్లటి చోట్లకు ఇందులో పేరు. నాసిక్ రైతులు దీనికి ఒక ఉపాయం పట్టారు. వానలు తగ్గాక తీగలు కత్తిరిస్తారు. కాయ చలికాలంలో ముదిరి జనవరి నుంచి మార్చి లోపల కోతకొస్తుంది. అలా తయారైన సులా కంపెనీ సోవిన్యాన్ బ్లాన్ 2000లో బజారుకొచ్చింది. పులియబెట్టేటప్పుడూ చలువే కావాలి. 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచితేనే పండు వాసనలు నిలుస్తాయి. మా మిద్దె మీది గదిలో అయితే ఈస్టే సొమ్మసిల్లుతుంది.

ఇదంతా చెప్పినా మా ఆవిడకు నమ్మకం కలగలేదు. "చింతపండే అయితే ఇత్తడి తోమాలె గదా" అంది. సీసా ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన రవ్వలను చెంచాతో గీకి, వేళ్ళతో నలిపింది. అవి గాజులా కోయలేదు, పొడిపొడి అయ్యాయి. పెంబర్తిలో కొన్న పాత దీపపు కుందె తెచ్చి, ఆ పొడిని తడిపి ఒక మూల రుద్దింది. రూపాయి బిళ్ళంత మేర పసుపుపచ్చగా తేలింది. కాసేపు దాన్నే చూసి, కుందె మిగతా భాగానికి వంటింట్లోంచి చింతపండు తెచ్చుకుంది.