బానెట్ మీది స్కూపు నిజంగా ఏం చేస్తుంది?

సాలూరు నుంచి పొట్టంగి మీదుగా సునాబెడ, కోరాపుట్ వైపు ఎక్కే ఘాట్ రోడ్డులో బానెట్ మీద గాలి స్కూపు (గాలిని లోపలికి పట్టే నోరులాంటి తొడుగు) బిగించుకున్న కార్లు, జీపులు అక్కడక్కడ కనిపిస్తుంటాయి. జయపురం, రాయగడ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుర్రవాళ్లు కొందరు విడిగా దొరికే ఫైబర్ స్కూపును కొని, బానెట్ రేకు కోయించి, పైన అతికించుకుంటారు. బండి దూసుకుపోతుంటే గాలి ఆ నోట్లోంచి బలంగా లోపలికి చొరబడి ఇంజను శక్తిని పెంచుతుందనీ, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కకుండా కాపాడుతుందనీ వారి నమ్మకం. వీటిలో మొదటిది లెక్కకు నిలవదు. రెండోది స్కూపును ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి నిజమూ కావచ్చు, పూర్తిగా తలకిందులూ కావచ్చు. గాలి ఎక్కడ లోపలికి వస్తుందో చూసినంత శ్రద్ధగా అది ఎక్కడి నుంచి బయటికి పోతుందో కూడా చూసిన తర్వాతే రేకు మీద కత్తి పెట్టాలని నా అభిప్రాయం.

ముందుగా వేగం వల్ల పుట్టే పీడనం సంగతి చూద్దాం. గాలి సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే, ఎదురొచ్చే గాలిని ఆపినప్పుడు పుట్టే పీడనం తెలుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు; ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన వచ్చేది దాదాపు 460 పాస్కల్‌లు (పాస్కల్ పీడనానికి కొలమానం). సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్‌లు కనుక, స్కూపు ఏ నష్టమూ లేకుండా పనిచేసినా అదనంగా దక్కేది అర శాతం కంటే తక్కువే. ఘాట్ మలుపుల్లో మన బండ్లు వెళ్లేది 30 కిలోమీటర్ల వేగంతోనే. అక్కడ ఆ పీడనం దాదాపు 42 పాస్కల్‌లకు, అంటే గొట్టంలోని నీటిని నాలుగు మిల్లీమీటర్లు పైకి నెట్టగలిగినంతకు పడిపోతుంది. ఇంజనుకు గాలి ఎక్కువగా కావలసిన చోట, ఘాట్ ఎక్కేటప్పుడే, స్కూపు చేతులెత్తేస్తుందన్నమాట.

దీన్ని కొండ ఎత్తుతో పోల్చి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. పైకి వెళ్లే కొద్దీ వాతావరణ పీడనం మీటరుకు సుమారు 11 పాస్కల్‌ల చొప్పున తగ్గుతుంది. అంటే 100 కిలోమీటర్ల వేగంలో స్కూపు సంపాదించి పెట్టేదంతా ఘాట్‌లో 40 మీటర్ల ఎత్తు ఎక్కేసరికి హరించుకుపోతుంది. కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రతీరంలో కంటే దాదాపు పది శాతం తక్కువ. టర్బో (గాలిని నొక్కి ఇంజనులోకి పంపే పరికరం) ఉన్న డీజిలు బండి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది గాని, స్కూపు వల్ల అది తీరేది కాదు.

వేగపు గాలితో ఇంజనును నింపడమనే ఆలోచన విమానాల విషయంలో అక్షరాలా నిజం. సునాబెడలోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కర్మాగారంలో మిగ్ యుద్ధవిమానాలకు ఇంజన్లు తయారయ్యాయి. మిగ్-21 విమానం ముక్కే ఒక పెద్ద గాలి ద్వారం. గంటకు 900 కిలోమీటర్ల వేగంలో, అంటే మన 100 కిలోమీటర్లకు తొమ్మిది రెట్ల వేగంలో, ఆ పీడనం 81 రెట్లకు పైగా పెరిగి వాతావరణ పీడనంలో మూడో వంతును దాటుతుంది. పీడనం వేగపు వర్గాన్ని బట్టి పెరగడమే ఇందులోని కిటుకు. రోడ్డు మీది వేగాల్లో అదే కిటుకు మనకు ఎదురుతిరుగుతుంది.

మరి స్కూపు వల్ల లాభమే లేదా అంటే, ఉంది. అది ఉష్ణోగ్రతలో ఉంది. పీడనం మారనప్పుడు గాలి సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేదానికి) విలోమానుపాతంలో ఉంటుంది. బానెట్ కింద 65 డిగ్రీలకు కాగిన గాలికి బదులు బయటి 35 డిగ్రీల గాలిని పీలిస్తే, ప్రతి పీల్పులోనూ దాదాపు పది శాతం ఎక్కువ ఆక్సిజను ఇంజనుకు అందుతుంది. అయితే ఇప్పటి కార్లలో ఎయిర్ ఫిల్టరుకు వెళ్లే గొట్టం మూతిని కంపెనీవారే రేడియేటరు పైభాగాన, గ్రిల్ వెనుక, బయటి గాలి తగిలేచోట పెడుతున్నారు. పైగా 1.2 లీటర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగినా సెకనుకు పీల్చేది 30 లీటర్లకు మించదు. 100 కిలోమీటర్ల వేగంలో అంత గాలి రావడానికి అగ్గిపెట్టె ముఖమంత కూడా లేని రంధ్రం చాలు.

స్కూపు తప్పనిసరైన బండ్లు లేకపోలేదు. టర్బో గాలిని నొక్కినప్పుడు దాని ఉష్ణోగ్రత తేలిగ్గా 100 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలరును కొందరు తయారీదారులు ఇంజను నెత్తిన అమరుస్తారు. సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్, మన దేశంలో 2009లో వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ అటువంటివే. వాటి బానెట్ మీది నోరు ఇంటర్‌కూలరుకు గాలి అందే దారి. దాన్ని అలంకారమనుకుని స్టిక్కరుతో మూసినా, బురద పేరుకోనిచ్చినా నష్టం కచ్చితం.

ఇక అసలు విషయం, అంటే బానెట్ మీది గాలి నడక. కారు ముక్కుకు కొట్టుకున్న గాలి అక్కడ పీడనాన్ని పెంచి, బానెట్ ముందంచు మీదుగా వంపు తిరుగుతూ వేగం పుంజుకుంటుంది; ఆ వంపు వెంటనే పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి పోయే కొద్దీ గాలి నెమ్మదించి, ముందు అద్దం అడుగున మళ్లీ పీడనం పెరుగుతుంది. కారు లోపలికి తాజా గాలి తీసుకునే జాలీని అద్దం అడుగున పెట్టడానికి కారణం ఇదే. 1970 షెవర్లే షెవెల్‌లో కొన్నింటికి స్కూపు నోరు ముందుకు కాక వెనక్కి, అద్దం వైపు తెరుచుకునేలా చేసినదీ ఇందుకే. అలాగే రేకుకు ఆనుకుని పారే గాలి రాపిడి వల్ల మందగిస్తుంది. ఆ మందపాటి పొరలోనే మునిగి ఉండే పొట్టి స్కూపుకు చేరేది బలహీనమైన గాలే.

రేడియేటరు గుండా గాలి పారాలంటే దాని ముందు పీడనం ఎక్కువగా, వెనక ఇంజను గదిలో తక్కువగా ఉండాలి. ముందుకు తెరిచిన స్కూపుతో ఇంజను గదిలోకి పైనుంచి గాలి నింపితే, బయటికి పోయే దారులు అవే కనుక, లోపలి పీడనం పెరిగి రేడియేటరు గుండా వచ్చే గాలి తగ్గవచ్చు. చల్లదనం కోసం పెట్టిన నోరే వేడిని పెంచే సందర్భమిది. ఘాట్‌లో ఇంజను వేడెక్కడమే మీ బాధ అయితే, రేడియేటరుకు కాస్త వెనకగా, పీడనం తక్కువగా ఉండే చోట, వెనక్కి తెరుచుకునే జాలీ పెట్టడం మేలు. అది వేడిగాలిని బయటికి లాగుతుంది. బండి నెమ్మదిగా పోతున్నా, ఆగినా వేడిగాలి తనంతట తానే పైకి లేచి పోతుంది. దానికంటే ముందు రేడియేటరు రెక్కల్లోని దుమ్మును కడిగించి, ఫ్యాను సరిగా తిరుగుతున్నదో లేదో చూడాలి. చాలాసార్లు కథ అక్కడితోనే ముగుస్తుంది.

మీ బండిలో ఏ చోటు ఎలాంటిదో తెలుసుకోవడానికి పరికరాల షాపుకు పోనక్కరలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో వంచి రంగునీళ్లు పోసి, ఒక చివరను రేకు కోయదలచిన చోట మూతి ఎదురుగాలి వైపు చూడకుండా, బానెట్‌కు ఆనించి పడుకోబెట్టి టేపుతో అతికించాలి. రెండో చివరను ఇంజను గదిలో, ఫ్యానుకు దూరంగా, ఉంచాలి. జయపురం నుంచి బొరిగుమ్మ వైపు చదును రోడ్డులో 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్నప్పుడు పక్కన కూర్చున్నవారు నీటిమట్టాన్ని చదవాలి. బానెట్ వైపు నీరు కిందికి దిగితే ఆ రంధ్రం గుండా గాలి లోపలికి వస్తుంది. పైకి లేస్తే లోపలి గాలి బయటికి పోతుంది. ఆ వేగంలో ఎదురుగాలి మొత్తం పీడనమే 30 మిల్లీమీటర్ల నీటికి సమానం కనుక, తేడా కొద్దిపాటిదే అయినా కంటికి కనిపిస్తుంది.

కోయక తప్పదనుకుంటే, బానెట్ అడుగున ఉండే పక్కటెముకల్లాంటి బలపుపట్టీలను తాకకూడదు. ఢీకొన్నప్పుడు బానెట్ ఎలా మడవాలో వాటిని బట్టే ఉంటుంది. కోసిన అంచులకు ప్రైమరు వేయకపోతే కోరాపుట్ వానలకు ఒక్క ఏడాదిలోనే తుప్పు మొదలవుతుంది. స్కూపు కింద ఆల్టర్నేటరు గాని, ఫ్యూజు పెట్టె గాని ఉండకూడదు. నీరు జారిపోవడానికి విడిగా దారి ఉండాలి. ఎత్తైన స్కూపు ఘాట్ మలుపుల్లో రోడ్డును మరుగుపరుస్తుంది, మనిషికి తగిలితే గాయాన్నీ పెంచుతుంది. బండి రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను హద్దులు విధిస్తుంది కనుక ఆర్టీవో కార్యాలయంలో, బీమా సంస్థలో ముందే అడిగి తెలుసుకోవాలి. బిగించిన తర్వాత, ఓబీడీ రీడరుతో (బండి కంప్యూటరులోని అంకెలను చూపే పరికరంతో) పీల్చే గాలి ఉష్ణోగ్రతనూ కూలెంటు (ఇంజనును చల్లార్చే ద్రవం) ఉష్ణోగ్రతనూ అదే ఘాట్‌లో, అదే గేరులో, అంతే బరువుతో మళ్లీ చదివి, బిగించకముందు రాసుకున్న అంకెలతో పోల్చాలి. తగ్గుదల కనిపించకపోతే ఆ రంధ్రాన్ని లోపలి వైపు నుంచి రేకుతో మూయించడం మంచిది.