బడి లక్ష్యాలు, రోజువారీ పాఠం, టీచర్ల శిక్షణ: కొన్ని అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో కొండపి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో హెచ్‌ఎంగా పనిచేస్తున్నాను. ఐదు తరగతులకు నలుగురం టీచర్లం. జూన్‌లో లక్ష్యాలు రాస్తాం, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులకు వెళ్తాం, రోజూ పాఠం చెప్తాం. చాలా ఏళ్లు ఈ మూడూ మా బడిలో దేని దారిన అది నడిచాయి. మేం గట్టిగా నమ్మిన కొన్ని మాటలే అందుకు కారణమని ఇప్పుడు అనిపిస్తోంది.

అపోహ: పాఠశాల అభివృద్ధి ప్రణాళిక అంటే ప్రహరీ, మరుగుదొడ్లు, అదనపు గదులు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ ప్రణాళికను పాఠశాల యాజమాన్య కమిటీ తయారు చేయాలి. పిల్లల సంఖ్య, టీచర్ల అవసరం, గదులు, ఖర్చు అందులో రాయాలి కాబట్టి మన చూపంతా అటే పోతుంది. బడి తనను తాను అంచనా వేసుకోవడానికి వచ్చిన శాలా సిద్ధి ఒకసారి తీసి చూడండి. 7 రంగాలు, 46 ప్రమాణాలు. వనరులది అందులో ఒక్క రంగమే. బోధన, పిల్లల ప్రగతి, టీచర్ల వృత్తిపరమైన ఎదుగుదల విడివిడి రంగాలుగా ఉన్నాయి. ప్రహరీకి నిధులు పైనుంచి రావాలి. తీసివేత బాగా నేర్పడానికి ఎవరి మంజూరూ అక్కర్లేదు.

అపోహ: లక్ష్యాలు ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిది.

వాస్తవం: ఒక ఏడాది మేం పదకొండు రాశాం. ఆగస్టులో అడిగితే ఎవరికీ రెండు మూడు మించి గుర్తులేవు. 'గణితంలో ప్రగతి సాధించడం' అని అందులో ఒకటి. అది చదివి రేపు రెండో పీరియడ్‌లో ఏం చేయాలో ఏ టీచరూ తేల్చుకోలేరు. మరుసటి ఏడాది ఒక్కటే రాశాం: మూడు, నాలుగు తరగతుల పిల్లలు సంక్రాంతి సెలవుల్లోపు రెండంకెల తీసివేత తప్పు లేకుండా చేయాలి, ఎలా చేశారో నోటితో చెప్పాలి.

సంక్రాంతి అనే ఎందుకంటే, ఆ తర్వాత మా వైపు పొగాకు పనులు ముమ్మరంగా ఉంటాయి. అమ్మానాన్నలు తెల్లారకముందే చేలకో, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గరకో పోతారు. చంటిపిల్లల్ని చూసుకోవడానికి మా నాలుగో తరగతి ఆడపిల్లలు ఇంట్లో ఆగిపోతారు. అప్పుడు కష్టమైన పాఠం పెట్టుకుంటే ఎవరికి చెప్తాం? కొత్తపట్నం తీరంలో వేటను బట్టి, చీమకుర్తిలో క్వారీ పనులకు వలస వచ్చే కుటుంబాలను బట్టి ఈ గడువు మారుతుంది. అకడమిక్ క్యాలెండర్‌తో పాటు ఊరి పనుల క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకోవాల్సిందే.

అపోహ: శిక్షణ అంటే మైనంపాడులో ఉన్న జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌లోనో, కాంప్లెక్స్ మీటింగ్‌లోనో జరిగేది.

వాస్తవం: ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపరమైన శిక్షణ ఉండాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో కోర్సులు చేస్తే గంటలు నిండుతాయి, సర్టిఫికెట్ కూడా వస్తుంది. కానీ మన తరగతిలో పుట్టిన ప్రశ్నను వెంట తీసుకెళ్లకపోతే అక్కడి నుంచి తెచ్చుకునేది చాలా తక్కువ.

తీసివేత సంగతే చెప్తాను. పది లెక్కల పేపర్ ఇచ్చి, నలుగురం కూర్చుని చూశాం. 52లోంచి 27 తీస్తే 35 అని, 61లోంచి 38 తీస్తే 37 అని సగానికి పైగా రాశారు. అజాగ్రత్త అనుకున్నాం. ఒక పాపను పిలిచి అడిగితే, "రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకే ఏడులోంచి రెండు తీశా" అంది. అది ఆ పిల్ల సొంతంగా కట్టుకున్న నియమం. అలాంటి లెక్కలు ఇంకో ఇరవై ఇస్తే ఆ నియమమే ఇంకా గట్టిపడుతుంది.

ఆ నెల కాంప్లెక్స్‌లో మేం ఇదొక్కటే అడిగాం. పక్క ఊరి టీచర్ ఒకామె చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు తెచ్చి చూపించారు. 52 అంటే ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలంటే విడివి చాలవు, ఒక కట్ట విప్పాల్సిందే. మరుసటి వారం మా సార్ అదే పాఠం చెప్తుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక్క విషయమే గమనిస్తానని ముందే చెప్పాను: కట్ట ఎవరు విప్పుతున్నారు? ఆ రోజు అన్నీ సారే విప్పారు. "నిజమే మేడం, పిల్లల చేతికి ఇవ్వలేదు" అన్నారు. మర్నాడు ఇద్దరిద్దరికి కట్టలు పంచారు. క్లాసు చూడటమంటే తప్పులు వెతకడమేనన్న భయం మా బడిలో ఆ వారంతోనే తగ్గింది. ఆయన తర్వాత నా క్లాసుకు వచ్చి కూర్చున్నారు.

అపోహ: వీటన్నిటికీ టైమ్ ఎక్కడిది?

వాస్తవం: యాప్‌లు, ఫొటోలు, రిజిస్టర్ల టెన్షన్ నిజమే, దాన్ని కాదనను. అయితే చట్టం టీచరుకు చెప్పిన వారానికి 45 గంటల్లో పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా కలిసే ఉంది. మేం యాప్ పనిని వారానికొకరం చొప్పున పంచుకున్నాం. శనివారం చివరి అరగంట పిల్లల నోట్సులు ముందేసుకుని కూర్చుంటాం. సర్క్యులర్ల సంగతి అప్పుడు ఎత్తం.

అపోహ: తల్లిదండ్రులకు ఇవేవీ అర్థం కావు.

వాస్తవం: కమిటీ మీటింగ్‌లో ప్రణాళిక చదవడం మానేసి పుల్లల కట్టలు వాళ్ల ముందు పెట్టాం. చదువుకోని ఒక తల్లి చేత్తో విప్పి చూపించి, "ఇంటికాడ కూడా చేపిస్తా" అంది.

ఈ ఏడాదికి ఐదో తరగతి భాగహారం పెట్టుకున్నాం. జూన్‌లో పిల్లలు రాసిన పది లెక్కల పేపర్లు బీరువాలో కట్టగా ఉన్నాయి. డిసెంబర్ మొదటి వారంలో అవే లెక్కలు మళ్లీ ఇచ్చి, రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తాం.