మేనరికం మాట తప్పిన ఇల్లు: మాయాబజార్ వెనుక కథ

మా పెద్దమ్మ విశాఖ అల్లిపురంలో ఉంటుంది. టీవీలో మాయాబజార్ వస్తోందని తెలిస్తే ఆ పూట వంట ముందే ముగించేస్తుంది. డైలాగులన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. శకుని నోరు తెరిచేలోపే ఆ మాట ఈవిడ అనేస్తుంది. కానీ ఒక్క చోట మాత్రం ఏమీ అనదు. జూదంలో పాండవులు రాజ్యం పోగొట్టుకున్నాక సుభద్ర కొడుకుని తీసుకుని పుట్టింటికి, అంటే ద్వారకకి వస్తుంది. నిన్నటిదాకా "వదినా" అని ఆప్యాయంగా పిలిచిన రేవతి, అంటే అన్న బలరాముడి భార్య, మాట తీరు అప్పటికే మారిపోయి ఉంటుంది. ఆ సీన్లు అయ్యేంతవరకూ పెద్దమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంటుంది.

దాని వెనుక సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా తాతయ్యకి పూర్ణా మార్కెట్లో టోకు కిరాణా దుకాణం ఉండేది. పెద్దమ్మని ఆవిడ మేనత్త కొడుక్కి ఇస్తామని చిన్నప్పుడే మాట అనుకున్నారు. భాగస్వామి చేసిన మోసంతో దుకాణం మూతపడింది. ఆ ఏడాది సంక్రాంతికి మేనత్త ఇంటి నుంచి కబురు రాలేదు. తర్వాత మరెవరి ద్వారానో తెలిసింది, ఆ అబ్బాయికి వేరే సంబంధం ఖాయమైందని. సినిమాలో డబ్బు పోయింది మేనత్త వాళ్లకి, మా ఇంట్లో పోయింది పిల్ల వాళ్లకి. తేడా అంతే. మిగతాదంతా ఒకటే కథ.

1957 మార్చి 27న విడుదలైన సినిమాని ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఎందుకు చూస్తున్నారని అడిగితే ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గద, సావిత్రి అభినయం, గాల్లో ఎగిరే లడ్డూలు అని చెబుతారు. అవన్నీ నిజమే. కానీ నా లెక్కలో వాటన్నిటి కింద ఉన్నది మేనరికం. ఈ సినిమాలో మాయలు ఎన్ని ఉన్నా, కథ మాత్రం మాటిచ్చి తప్పిన ఇంటి కథ.

సినిమాలో సుభద్ర కొడుకు అభిమన్యుడు పెళ్లాడే శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడికి ఒక కూతురుందని, ఆమెని మేనల్లుడికి ఇస్తానని ఆయన మాటిచ్చాడని, పాండవులు అడవులు పట్టగానే ఆ మాట మీద నీళ్లు వదిలాడని మనవాళ్లు కల్పించుకున్న కథ ఇది. తమిళంలో, మరాఠీలో ఈ పిల్ల పేరు వత్సల. మరాఠీ వాళ్లు వత్సలాహరణం అంటారు. ఈ ప్రాంతాలన్నిటిలో మేనత్త కొడుకుని, మేనమామ కూతుర్ని చేసుకునే ఆచారం ఉంది. బావా మరదళ్ల వరస ఉన్న చోటే ఈ కథ పుట్టి పెరిగిందనడం కాకతాళీయం కాదని నాకనిపిస్తుంది. అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు తెగకుండా ఉండడానికి మేనరికం ఒక కట్టు. అది తెగితే పోయేది పెళ్లి ఒక్కటే కాదు, ఆడపిల్లకి పుట్టిల్లే పోతుంది. సుభద్ర కన్నీళ్లకి అర్థం అదే.

ఈ కథ సినిమాకంటే చాలా ముందు నుంచే జనంలో తిరిగింది. హరికథల్లో శశిరేఖా పరిణయం చెప్పేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాలు దీన్ని ఊరూరా ఆడాయి. వాళ్ల మాయాబజార్‌లో ఘటోత్కచుడు తీగల మీద గాల్లోకి లేస్తాడు, పళ్లేల్లో పిండివంటలు మాయమవుతాయి. మా ఊళ్లో వాళ్లు ఆడినప్పుడు నేను ముందు వరసలో కూర్చుని చూశాను. తీగ కనిపిస్తూనే ఉంది. అయినా నా పక్కనున్న ముసలాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు, నేనూ కొట్టాను. తెలుగులో టాకీ వచ్చిన కొన్నేళ్లకే, 1936లో, పి.వి.దాస్ దర్శకత్వంలో ఇదే కథ ఒకసారి తెర మీదకి వచ్చింది. అంటే విజయా సంస్థ వాళ్లు ఈ సినిమా తీసేనాటికి ప్రేక్షకులకి కథ ముందే తెలుసు, ముగింపు కూడా తెలుసు. ఇక వాళ్లు చేయాల్సిందల్లా తెలిసిన కథని ఎలా చెప్పాలన్నదే.

ఆ చెప్పినవాళ్లలో మన ఉత్తరాంధ్ర వైపువాళ్లు ఎందరున్నారో విశాఖలో చాలామందికి తెలియదు. అందుకే కాస్త ఆగి చెబుతాను.

మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1901లో బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు, అదంతా విశాఖపట్నం జిల్లాయే. ఆయన పెరిగింది మచిలీపట్నంలో. సాలూరు రాజేశ్వరరావుది సాలూరు పక్కన శివరామపురం. ఈ సినిమాకి మొదట సంగీత దర్శకుడు ఆయనే. నాలుగు పాటలకి వరసలు కట్టాక ఆయన తప్పుకుంటే మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. లాహిరి లాహిరి పాట వరస రాజేశ్వరరావుదే. ఘంటసాల పుట్టింది కృష్ణా జిల్లాలోనైనా సంగీతం నేర్చుకున్నది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. "అహ నా పెళ్లంట"లో ఘంటసాలతో కలిసి పాడిన పి.సుశీల విజయనగరం ఆడపడుచు.

ఇందులో నా మనసుని ఎప్పుడూ పట్టుకునేది ఒకటుంది. విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఘంటసాలకి తిండికి గతి లేక, జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మధూకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్నారు. అలా అన్నం తిన్న మనిషి సంగీత దర్శకుడై, తెలుగువాళ్ల పెళ్లి భోజనాలన్నిటికీ గుర్తుగా నిలిచిపోయిన "వివాహ భోజనంబు" పాటని మనకి వినిపించారు. పాడింది మాధవపెద్ది సత్యం. ఆ పాట మొదలు నాటకాల నుంచి వచ్చిందే. ఇవాళ్టికీ సింహాచలం కొండ కింద ఏ కల్యాణ మండపంలోనైనా బంతి భోజనాల వేళ ఆ పాట పెట్టకపోతే ఏదో లోటుగా ఉంటుంది.

దర్శకుడు కె.వి.రెడ్డి గురించి ఒక సంగతి అందరూ చెబుతారు. ఆయన షూటింగ్‌కి ముందే ప్రతి సీనుకీ స్టాప్‌వాచ్ పెట్టి, ఎన్ని నిమిషాలు రావాలో లెక్క కట్టుకునేవారు. అప్పట్లో ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉన్న కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. వీళ్లే 1947లో చందమామ పత్రిక పెట్టినవాళ్లు. పిల్లలకి రాక్షసుడు భయం పుట్టించాలి, అదే సమయంలో నచ్చాలి కూడా అన్న కిటుకు వాళ్లకి అక్కడే పట్టుబడి ఉంటుంది. ఘటోత్కచుడు సరిగ్గా అలాంటివాడు. అడవిలో అడ్డగించి భయపెడతాడు. ఎదుట ఉన్నది పినతల్లి అని తెలియగానే కాళ్ల మీద పడతాడు. రాజ్యం లేని సుభద్రకి పుట్టింట్లో దొరకని మర్యాద రాక్షసుల ఇంట్లో దొరుకుతుంది. హిడింబిగా వేసిన సూర్యకాంతం, ఎన్నో సినిమాల్లో గయ్యాళి అత్తగా కనిపించిన ఆవిడ, ఇక్కడ ప్రేమ నిండిన తల్లి. ఆ తేడా అప్పటి ప్రేక్షకుడికి చెప్పక్కర్లేకుండానే తెలిసి ఉంటుంది.

ఇంకో విచిత్రం చూడండి. భారత కథ అంటారు గానీ సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు. వాళ్లు పోగొట్టుకున్నదాని ఫలితం మాత్రమే కనిపిస్తుంది, అదీ ఆడవాళ్ల మీద, పిల్లల మీద. ఇంట్లో మగవాడు జూదంలోనో వ్యాపారంలోనో దెబ్బతింటే వీధిలో తల దించుకుని నడవాల్సింది ఎవరో ఈ సినిమాకి బాగా తెలుసు.

బజారు సంగతికి వస్తే, ఘటోత్కచుడి దగ్గరున్న మాంత్రికుడు చిన్నమయ్య మాయతో పుట్టించేది నిజానికి ఒక విడిది. మగపెళ్లివారిని దింపడానికి ఆడపెళ్లివారు ఏర్పాటుచేసే విడిది. అక్కడ తల్పం గిల్పమై గిర్రున తిప్పుతుంది, కంబళి గింబళి అయి చుట్టుకుపోతుంది. శర్మ, శాస్త్రి ఇద్దరూ వచ్చి వంటకాల్లో గోంగూర ఉందా లేదా అని వాకబు చేస్తారు. మన పెళ్లిళ్లలో విడిదింట్లో కాఫీ చల్లారిందని, దుప్పట్లు సరిపోలేదని మగపెళ్లివారు అలిగే తంతు చూసినవాళ్లకి ఇందులో మాయ ఏమీ కనిపించదు. ఏటా చూసేదే. ఆడపెళ్లివారు ఎప్పుడూ మనసులో అనుకుని ఊరుకునే పనులు ఇక్కడ రాక్షసులు చేసి చూపిస్తారు, అంతే.

సావిత్రి అభినయం గురించి చాలామంది రాశారు, నేను ఒక్క ముక్కే చెబుతాను. మాయా శశిరేఖగా ఉన్నప్పుడు ఆవిడ ఒంట్లో ఉన్నది ఘటోత్కచుడని మనం మరిచిపోవడానికి వీల్లేదు, పెళ్లికొడుకుగా వచ్చిన దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి (రేలంగి) తెలియడానికీ వీల్లేదు. పెళ్లిపీటల మీద ఆవిడ రేలంగి కాలు తొక్కుతుంది. కొత్త దంపతులు ఒకరి కాలు ఒకరు తొక్కడం మన పెళ్లిళ్లలో ఉన్న సరదాయే. కానీ ఆ కాలి బరువు పెళ్లికూతురిది కాదు. రేలంగి ముఖం మెలితిరుగుతుంది, ఆ క్షణం సావిత్రి భుజాలు రంగారావు భుజాల్లా లేస్తాయి. మరుక్షణం మళ్లీ సిగ్గుపడుతున్న పిల్ల. రెండు క్షణాల పని. కంప్యూటర్లు లేవు, మార్కస్ బార్ట్లే కెమెరా ఉంది, ఆవిడ ఒళ్లు ఉంది. బార్ట్లే స్టూడియోలో దీపాలతో పుట్టించిన లాహిరి లాహిరి వెన్నెల మాత్రం ఆర్కే బీచ్‌లో పున్నమి రాత్రి కూర్చున్నప్పుడు నాకు గుర్తొస్తూ ఉంటుంది.

ఇక మాటలు. అసమదీయులు, తసమదీయులు, దుష్టచతుష్టయం, వీరతాడు. ఎవరూ పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయని ఘటోత్కచుడి చేత అనిపించిన పింగళి, నిజంగానే పుట్టించి చూపించారు. మా ఆఫీసులో ఎవరైనా మంచి పని చేస్తే "వెయ్యండి రెండు వీరతాళ్లు" అంటాం. ఆ మాట ఏ సినిమాలోదో తెలియని కుర్రాళ్లు కూడా అంటారు. సినిమా చూడనివాడి నోట్లో కూడా సినిమా బతకడం అంటే ఇదే. "ప్రియదర్శిని" అనే పెట్టె మూత తీస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్లకి కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, కృష్ణుడికి మాత్రం శకుని కనిపిస్తాడు. ఇప్పుడు వీడియో కాల్ చేసేవాళ్లంతా ఆ పెట్టెనే గుర్తుచేసుకుంటారు గానీ, నాకు కృష్ణుడికి శకుని కనిపించడమే గొప్పగా తోస్తుంది. ఎన్టీఆర్ చిరునవ్వుతో ఆ సీను దాటేస్తారు. కృష్ణుడి వేషం ఆయనకి కలిసిరాదని అంతకుముందు సందేహపడ్డవాళ్లున్నారట, నమ్మడం కష్టం.

2010 జనవరి 30న ఈ సినిమా రంగుల్లో మళ్లీ విడుదలైంది. 2013లో, భారతీయ సినిమాకి వందేళ్లయిన సందర్భంగా సీఎన్ఎన్-ఐబీఎన్ పెట్టిన ఓటింగ్‌లో అత్యుత్తమ భారతీయ చిత్రంగా నిలిచింది. రంగులు వేయడం మంచిదా కాదా అని అప్పట్లో మా ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. పెద్దమ్మని హాలుకి తీసుకెళ్లాను. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ చేతికిస్తే పట్టుకుని కూర్చుంది, తినలేదు. "శశిరేఖ చీర ఈ రంగు కాదురా" అంది. మరి ఏ రంగు పెద్దమ్మా అని అడిగితే కాసేపు ఆలోచించి "చిలకాకుపచ్చ" అంది. ఏడేళ్ల వయసులో తాతయ్య పక్కన కూర్చుని తెలుపు నలుపులో చూసిన సినిమాకి ఆవిడ అప్పుడే రంగులు వేసేసుకుంది. నాకైతే రంగుల కాపీ పనికొచ్చిందనే అనిపిస్తుంది, ఎందుకంటే దాని వల్లే పిల్లలు చాలామంది మొదటిసారి చూశారు. కానీ బార్ట్లే వెలుగునీడలు చూడాలంటే పాత కాపీయే పెట్టుకోవాలి.

మేనరికాలు ఇప్పుడు తగ్గిపోయాయి. డాక్టర్లు వద్దంటున్నారు, పిల్లలూ ఒప్పుకోవడం లేదు. అది మంచిదే. పెద్దమ్మకి తర్వాత గాజువాక వైపు మంచి సంబంధమే కుదిరింది, పెదనాన్నతో సంసారం చక్కగా సాగింది. ఆ మేనత్త కుటుంబంతో రాకపోకలు కూడా ఎప్పుడో మళ్లీ మొదలయ్యాయి. ఎవరూ పాత మాట ఎత్తరు.

మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయి పెద్దమ్మ పక్కన పడుకుని ఫోన్లో వివాహ భోజనంబు పాట ఒక్కటీ పెట్టుకుని నవ్వుతోంది. లడ్డూలు వాటంతట అవే రంగారావు నోట్లోకి దూకుతున్నాయి. పెద్దమ్మ ఫోన్ లాక్కుని పాట ఆపేసింది.

"మొదట్నుంచి పెట్టవే. ఆ సుభద్ర ద్వారకకి వచ్చేది చూడకపోతే వీడు ఆ పెళ్లి విందంతా ఎవరి కోసం తింటున్నాడో నీకేం తెలుస్తుంది?"

అమ్మాయి లేచి కూర్చుని టీవీ రిమోట్ వెతకడం మొదలుపెట్టింది.