డబ్బా తిండి గురించి మనుమలకు ఒక ఉత్తరం

తార్నాక, హైదరాబాదు

చిరంజీవులకు ఆశీస్సులు.

డబ్బాల్లోనూ ప్యాకెట్లలోనూ అమ్మే తిండి అంతా ఆరోగ్యానికి చేటేనా అని అడిగారు. అంతా కాదు. డబ్బాను చూసి భయపడకుండా, లోపలి పదార్థాన్ని ఏం చేశారో, అందులో ఏం కలిపారో చూడాలి.

ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే వంటవాడు, ఆహారాన్ని గాజు సీసాల్లో గట్టిగా బిగించి మరిగే నీటిలో ఉంచితే నెలల తరబడి చెడిపోదని కనిపెట్టి, 1810లో ఆ పద్ధతిని ప్రచురించాడు. అలా వేడి చేసినప్పుడు కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చస్తాయన్న సంగతి పాశ్చర్ పరిశోధనల తర్వాత గాని లోకానికి తెలియలేదు. డబ్బాలోని ఆహారాన్ని ముఖ్యంగా కాపాడేవి వేడిమీ, గాలి చొరబడని మూతా. రసాయనాలు పోస్తే తప్ప నిలవ ఉండదని చాలామంది అనుకుంటారు గాని అది నిజం కాదు. ఆ వేడికి సి విటమిను కొంత పోతుంది. మాంసకృత్తులూ పీచూ చాలావరకు నిలుస్తాయి. కనుక డబ్బాలోని ఉడికిన శనగలను ఉప్పునీరు వంపేసి, మంచినీళ్ళతో కడిగి కూరలో వేసుకుంటే తప్పేమీ లేదు. పాకంలో ఊరిన అనాస ముక్కల సంగతి వేరు. తాజా అనాస బండి మీద దొరికే ఊళ్ళో ఉండి, చక్కెర పాకానికి డబ్బు పోయడం నాకైతే దండుగ.

ఆ మాటకొస్తే మన ఇళ్ళలో పెట్టుకునే అప్పడాలు, వడియాలు, ఆవకాయ కూడా నిలవ పదార్థాలే. ఆవకాయ అంటే నాకు ప్రాణం, అయినా ఇంట్లో కలిపినంత మాత్రాన అందులోని ఉప్పు తగ్గదు.

నిజంగా జాగ్రత్తపడవలసినది మరో రకం తిండి విషయంలో. పిండి, నూనె, చక్కెరలకు రుచులూ రంగులూ చేర్చి, వంటింట్లో ఎవరూ వాడని దినుసులతో కర్మాగారంలో తయారుచేసే చిప్సు, తీపి పానీయాలు, క్రీము బిస్కెట్లు ఈ కోవలోకి వస్తాయి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందికి రెండు వారాలు ఇలాంటి తిండి, మరో రెండు వారాలు మామూలు దినుసులతో వండిన భోజనం పెట్టి, ఎవరికి ఎంత కావాలంటే అంత తినమన్నారు. రెండింటిలోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు ఇంచుమించు సమానమే. అయినా మొదటి రకం తిన్న రోజుల్లో వారు రోజుకు దాదాపు 500 కెలోరీలు ఎక్కువ తిని, కిలోకు కాస్త తక్కువ బరువు పెరిగారు. చిప్సు ప్యాకెట్టు ఖాళీ అయ్యేదాకా మీ చెయ్యి ఆగకపోవడానికి మీ బుద్ధి లోపం ఒక్కటే కారణం కాదన్నమాట.

మా ఇంటికి దగ్గరలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం వెలువరించిన ఆహార సూచనల్లో ఇలాంటి తిండిని బాగా తగ్గించమనీ, ప్యాకెట్టు మీది వివరాలు చదవమనీ చెప్పింది. ముందువైపు పెద్ద అక్షరాల్లో రాగుల బిస్కెట్టు అని ఉన్నా, వెనక దినుసుల జాబితా చదవండి. బరువులో ఎక్కువున్న దినుసు ముందు రావాలన్నది నియమం. మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే అది మైదా బిస్కెట్టే. ప్యాకెట్టు మీద ఉప్పును సోడియం లెక్కలో చూపిస్తారు; సోడియం 400 మిల్లీగ్రాములంటే ఒక గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి అయిదు గ్రాములు మించకూడదు, అందులో పప్పు, పచ్చడి, మజ్జిగల్లోని ఉప్పు కూడా కలిసే ఉంటుంది. ప్యాకెట్టు మీది సోడియం అంకె వంద గ్రాములకు ఇచ్చారా, ఒక వడ్డింపుకు, అంటే ఒకసారి తినే పాళానికి ఇచ్చారా అన్నదీ గమనించండి. లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్టు ఎప్పుడైనా తినండి, నేనూ తింటాను. దానితోనే ఉదయపు ఫలహారం అయిపోయిందనుకోవద్దు.

ఉబ్బిన డబ్బాను మాత్రం రుచి కూడా చూడకుండా పారేయండి. లోపల ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరిగి ఉండవచ్చు. తెరిచిన డబ్బాలో మిగిలినదాన్ని స్టీలు గిన్నెలోకి మార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజుల్లో వాడేయండి.

ఇట్లు,
మీ తాతయ్య