కంటైనర్‌లో పది మిల్లీగ్రాములు

మన తీరం నుంచి విదేశాలకు వెళ్లే నలభై అడుగుల రీఫర్ (శీతల) కంటైనర్‌లో ఇంచుమించు 20 టన్నుల గడ్డకట్టిన రొయ్యలు పడతాయి. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల అవశేషం కిలో రొయ్యల్లో 0.5 మైక్రోగ్రాములకు చేరితే చాలు, ఆ సరుకు పనికిరాదు. లెక్క కడితే కంటైనర్ మొత్తానికి పది మిల్లీగ్రాములు. ఒక పారాసిటమాల్ బిళ్లలో యాభయ్యో వంతు!

ఇంత తక్కువ దగ్గర గీత గీయడం చాదస్తంలా అనిపించొచ్చు. మామూలు మందులకైతే జంతువుల మీద పరీక్షలు చేసి, ఎంతవరకు హాని లేదో చూసి, అందులో ఎన్నో వంతు మాత్రమే అనుమతిస్తారు. కొన్ని మందులకు ఆ లెక్క కుదరదు. ఒకప్పుడు టైఫాయిడ్‌కు విరివిగా వాడిన క్లోరాంఫెనికాల్‌నే తీసుకోండి. వేలమందిలో ఏ ఒక్కరికో అది పడక, ఎముక మజ్జ రక్తకణాలను తయారుచేయడం మానేస్తుంది. వేసుకున్న మోతాదుకూ ఈ ప్రమాదానికీ సంబంధం కనబడదు. నైట్రోఫ్యూరాన్ల మీద ఉన్నది క్యాన్సర్ అనుమానం. 'ఇంతవరకు పర్వాలేదు' అని చెప్పలేని మందులివి. అందుకే 1990ల్లోనే తిండికోసం పెంచే జీవాల్లో వీటి వాడకాన్ని యూరప్ నిషేధించింది. మన ఆక్వా చెరువుల్లోనూ ఇవి నిషిద్ధమే.

చట్టం 'సున్నా' అనేసింది. కానీ సున్నాను కొలిచే యంత్రం లేదు. ఏ యంత్రమైనా 'నాకు కనబడలేదు' అని మాత్రమే చెప్పగలదు. 2000 తర్వాత, అణువులను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్లు యూరప్ ల్యాబుల్లో మామూలైపోయాక, పాత పద్ధతులకు అందని అవశేషాలు ఆసియా రొయ్యల్లో బయటపడడం మొదలైంది. 2003లో యూరప్ ఒక గీత పెట్టింది: క్లోరాంఫెనికాల్ కిలోకు 0.3 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు ఒక మైక్రోగ్రాము. అంతకన్నా సూక్ష్మంగా చూడగల యంత్రాలొచ్చాయి, హాని అంచనాలూ మెరుగయ్యాయి. 2019లో గీత మార్చారు. కొత్త గీత 2022 నవంబర్ చివరి నుంచి అమల్లోకి వచ్చింది: 0.15, 0.5. అంటే రాత్రికి రాత్రి సున్నా సగమైపోయింది. నిన్న పాసైన చెరువు ఇవాళ ఫెయిల్ కావచ్చు.

ఆ యంత్రం ఏం వెతుకుతుందో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఫ్యూరాజోలిడోన్ అనే నైట్రోఫ్యూరాన్ మేతతో రొయ్య లోపలికి వెళ్లిన కొద్ది గంటల్లోనే విరిగిపోతుంది. మందు కోసం వెతికితే దొరకదు. విరిగిన ముక్కల్లో ఏఓజెడ్ అనేది మాత్రం కండలోని ప్రొటీన్లకు అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. వండినా పోదు. ల్యాబులో తల, పెంకు తీసేసిన మాంసాన్ని మెత్తగా చేసి, ఒకటి రెండు గ్రాములు తూచి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. ఆమ్లం ఆ ముక్కను ప్రొటీన్ నుంచి ఊడదీస్తుంది. అది మరీ చిన్న అణువు, యంత్రానికి సరిగ్గా ఆనదు. అందుకని నైట్రోబెంజాల్డిహైడ్ అనే ఇంకో అణువును దానికి తగిలించి బరువు పెంచుతారు. యంత్రంలో 236 బరువున్న అయాన్ పగిలి 134 బరువున్న ముక్క వస్తే, అదీ రావలసిన సమయానికే వస్తే, దొరికినట్టే. చెరువులో మందు పడి నెల దాటినా ఈ జాడ పట్టేస్తారు.

అయితే ఈ పద్ధతీ ఒకచోట బోల్తా పడింది. నైట్రోఫ్యూరజోన్ అనే ఇంకో మందుకు గుర్తు సెమీకార్బజైడ్. ఇది రొయ్య జాతి జీవుల పెంకులో సహజంగానే ఉంటుందని తర్వాత తేలింది. పెంకుతో కలిపి రుబ్బితే, మందు వాసన కూడా తెలియని రైతు దొంగైపోతాడు. పెంకు ఒలిచి మాంసమే పరీక్షించాలన్న పట్టుదల వెనక ఉన్నది ఇదే. 2003లో ఇదే సెమీకార్బజైడ్ చంటిపిల్లల ఆహారం సీసాల్లోనూ కనబడి గగ్గోలైంది. అక్కడ ఏ మందూ లేదు. మూతలోని ప్లాస్టిక్ రింగును నురగలా పొంగించే రసాయనం నుంచి వచ్చిందది.

ఇంత చూపున్న యంత్రం ముందుకు ప్రతి కంటైనరూ వెళ్తుందా అంటే, లేదు. అమెరికాలో ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్వయంగా తెరిచి చూసేది వందలో ఒకటి రెండు సరుకులనే. ఏది తెరవాలో కంప్యూటర్ చెబుతుంది: ఏ దేశం, ఏ సరుకు, ఆ కంపెనీ పాత చరిత్ర ఏమిటి అని చూసి మార్కులేస్తుంది. ఒకసారి పట్టుబడిన కంపెనీ పేరు 'ఇంపోర్ట్ అలర్ట్' జాబితాకెక్కుతుంది. ఇక తర్వాతి సరుకును తెరవకుండానే ఆపేయొచ్చు. అక్కడి చట్టానికి కల్తీ 'ఉన్నట్టు కనబడితే' చాలు. లేదని నిరూపించుకోవాల్సింది సరుకు తెచ్చినవాడే. జాబితా నుంచి పేరు తీయించుకోవాలంటే మామూలుగా వరసగా ఐదు సరుకులైనా శుభ్రంగా తేలాలి. యూరప్ దారి వేరు. మన చెరువు రొయ్యల సరుకుల్లో పదింట ఒకదాన్ని పరీక్షించే యూరప్, 2016లో దాన్ని పదింట ఐదుకు పెంచింది.

నా లెక్కలో సరిహద్దు తనిఖీ అసలు పని సరుకు పట్టుకోవడం కాదు, టెన్షన్‌ను వెనక్కి నెట్టడం. యూరప్ రేవు రాటర్‌డామ్‌లో కంటైనర్ ఆగుతుందన్న భయం ఎగుమతిదారుకు, అక్కడి నుంచి ఏజెంటుకు, చివరకు భీమవరం పక్క చెరువు గట్టు మీదికి చేరుతుంది. అందుకే యూరప్‌కు వెళ్లే రొయ్యలకు పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టడానికి) ముందే శాంపిల్ తీసి, కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబులో ఎలైసా అనే తొలి వడపోత పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. రైతు 'నేను వాడలేదండీ' అన్నప్పుడు అది నిజమే కావచ్చు. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలోనే మందు పడి ఉండొచ్చు. ఖనిజాలనీ, ప్రోబయోటిక్ అనీ అమ్మిన డబ్బాలో ఏం కలిసిందో అతనికేం తెలుసు? యంత్రం అణువును గుర్తుపడుతుంది, ఎవరు వేశారో చెప్పదు. నష్టం మాత్రం చెరువు ఎవరి పేరున ఉందో వారిదే.

మన దగ్గరా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో ఈ మందులకు నిషేధం ఉంది. కానీ సంతలో తట్ట ముందు నిలబడి కిలో రొయ్యలు తూయించుకునేటప్పుడు మనం అడిగేది కౌంట్ (కిలోకు ఎన్ని) ఎంత, ధర ఎంత అని మాత్రమే. పట్టుబడికి ముందు పరీక్ష సర్టిఫికెట్ ఎగుమతి కోసం పుట్టింది. ఆ తట్టలోని రొయ్యలకు దాన్ని అడిగేవాళ్లూ లేరు, చూపించేవాళ్లూ లేరు.